సింథటిక్ గేరు ఆయిలుకు అంత ఖరీదెందుకు?



అనకాపల్లి, భీమునిపట్నం వైపు ట్రాక్టరున్న రైతులు షాపుకు వెళ్లి, "ఇదేటి బాబూ, సింథటిక్ అన్న డబ్బాకి రెండు మూడు రెట్లు చెప్తన్నారు, ఇందులో ఏటుంది?" అని అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే.

మామూలు గేరు ఆయిలుకు మూలం ముడి చమురు. 1957లో విశాఖలో కాల్టెక్సు వారు నెలకొల్పిన రిఫైనరీ నేడు హిందుస్తాన్ పెట్రోలియం వారిది. అక్కడ తీసేవి ముఖ్యంగా పెట్రోలు, డీజెలు వంటి ఇంధనాలు. కందెనలకు కావలసిన మూల తైలం అదే కంపెనీవారి బొంబాయి రిఫైనరీలో తయారవుతుంది. ముడి చమురును కాచి, భాగాలుగా విడదీసి, మైనం తీసి, శుభ్రపరుస్తారు. ఎంత శుభ్రపరచినా అందులోని అణువులు చిన్నవీ పెద్దవీ కలగలుపుగానే ఉంటాయి. తూర్పారబట్టిన ధాన్యంలో కాస్త తాలు మిగలదూ, అలాగన్నమాట.

సింథటిక్ దారి వేరు. ఇథిలీన్ వాయువు అణువులను గొలుసుగా అతికి డెసీన్ అనే ద్రవం చేస్తారు. చిక్కంతా ఇక్కడే ఉంది. గొలుసులన్నీ ఒకే పొడవున రావు, కావలసినది కొంత భాగమే దొరుకుతుంది. ఆ డెసీన్‌ను మళ్లీ మూడేసి నాలుగేసిగా జతచేసి, హైడ్రోజన్ పట్టిస్తే గాని నూనె కాదు. ఇన్ని మెట్లు, ఇంత యంత్రసామగ్రి! చేసే కర్మాగారాలు ప్రపంచంలో కొద్ది. మనకు ఎక్కువగా ఓడల మీద, డాలర్ల లెక్కన వస్తుంది. అయితే సింథటిక్ అని రాసిన ప్రతి డబ్బాలోనూ ఈ నూనె ఉంటుందనుకోకండి. బాగా శుద్ధిచేసిన ముడి చమురు నూనెనూ ఆ పేరుతో అమ్ముతారు. 1999లో అమెరికాలో దీనిపై తగువొచ్చి, ఆ పేరు చెల్లుతుందనే తేల్చారు.

ఇంత పెట్టినందుకు లాభమేమిటి? గట్టి చలిలో గడ్డకట్టదు, వేడికి మరీ పలచబడదు, ఎక్కువకాలం నిలుస్తుంది. కాని మామూలు 80 డబ్ల్యూ నూనె సున్నాకు దిగువన 26 డిగ్రీల దాకా పనికొస్తుంది. మన లంబసింగి చలి సున్నా దగ్గరే ఆగుతుంది! రేవునుంచి బరువెత్తుకుని ఘాటురోడ్లెక్కే లారీవాళ్లకు వేడి సంగతి లెక్కకొస్తుంది. దమ్ములో దిగే ట్రాక్టరుకు అసలు శత్రువు బురదనీరు. సీలు అరిగి నీరు చొరబడితే నూనె మజ్జిగలా తెల్లబడుతుంది. అప్పుడు అది ఎంత ఖరీదైనదైనా పారబోయవలసిందే. ముందు సీలు మార్పించండి.

ఇంకొక్క మాట. చాలా ట్రాక్టర్లలో గేర్లకు పోసిన నూనే హైడ్రాలిక్ లిఫ్టునూ, నూనెలో మునిగి ఉండే బ్రేకులనూ నడుపుతుంది. లారీ గేరు ఆయిలు అందులో పోస్తే బ్రేకులు సరిగా పట్టవు. కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఏ గ్రేడు రాసిందో ఆ చీటీ షాపుకు పట్టుకెళ్లండి.