సైనికోద్యోగము విడిచిన పిమ్మట ఏ వృత్తి?

సైన్యమునుండి విరమించినవాడనగా తల నెరసినవాడని మనలో ననేకుల తలంపు. వాస్తవము వేరు. సిపాయిగా చేరి పింఛను పొందినవారిలో పెక్కుమంది 40 ఏండ్లు నిండకమునుపే యింటికి వచ్చినవారు. 2022వ సంవత్సరమున నేర్పడిన అగ్నిపథ్ పద్ధతిలో సేవాకాలము 4 సంవత్సరములే. ఆనాటి నియమమునుబట్టి నూటికి 25 మందికి మించి సైన్యమున నిలుపబడరు. తక్కినవారు సేవానిధి యను మొత్తమును గైకొని, పింఛను లేకయే, నవయౌవనమున రెండవ వృత్తిని వెదకుకొనవలసియుందురు.

ఈ చిక్కు క్రొత్తది గాదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున భారత సైన్యము సుమారు 25 లక్షలవరకు పెరిగెను. 1945లో యుద్ధము ముగియగా, విడుదలయిన సైనికులకు జీవనోపాధి చూపుటకే ప్రభుత్వమువారు ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజీలను నెలకొల్పిరి. అవి సర్వజనులకును తెరువబడినది 1948లో.

వృత్తి నెన్నుకొనుటలో మొదటి ప్రశ్న "ఏ కొలువు దొరకును?" అనునది కాదు, "నేను నేర్చిన పని యేది?" అనునది. సైనికుడు తుపాకి పట్టువాడు మాత్రమే కాడు. వానిలో లారీ నడపువాడు, ఇంజను బాగుచేయువాడు, వైర్లెస్సు పనివాడు, గుమాస్తా, సామానుల లెక్క చూచువాడు, వంటవాడు, రోగులకు పరిచర్య చేయువాడు గలరు. అయితే సైన్యములోని పని పేరు బయటి యజమానికి బోధపడదు. కావున తన విద్యకు బయట చెల్లునట్టి పత్రము నేది యడుగుదురో సేవలో నుండగనే విచారించి సంపాదించుకొనవలెను. ఇంజను విప్పి బిగింపగలవాడు తొందరపడి గేటు కావలికి కుదిరినచో, కావలిపని నీచమని గాదు గాని, వాని చేతివిద్య తుప్పు పట్టును.

రెండవది, గల సహాయమును వాడుకొనుట. తన జిల్లాకు సంబంధించిన సైనిక సంక్షేమ కార్యాలయములో పేరు నమోదు చేయించుకొనవలెను. మాజీ సైనికులకు కేంద్ర ప్రభుత్వ గ్రూపు-సి కొలువులలో నూటికి 10 ప్రత్యేకింపబడినవి. అయినను పరీక్ష వ్రాయక తప్పదు. పదవతరగతి ఉత్తీర్ణుడై 15 ఏండ్లు సేవచేసినవానిని, పట్టము కోరు గ్రూపు-సి కొలువులు కొన్నిటికి అర్హునిగా నెంచు నియమమును గలదు. పదవతరగతి తప్పినవానికి ఆ ద్వారము తెరువబడదు. సైన్యములో చేరగోరు విద్యార్థు లీ మాట మరువరాదు.

మూడవది, ధనము. చేతికి వచ్చిన మొత్తము ఇంటి మరమ్మతులకును, పెండ్లిండ్లకును, బంధువుల యప్పులకును కరగిపోవుట మనము చూచుచున్నాము. తా నెరుగని వ్యాపారమున దానిని పెట్టుటకంటె, మొదట నట్టి వ్యాపారములో నొక సంవత్సరము జీతమునకు పనిచేసి చూచుట క్షేమము.

తలిదండ్రులారా! తిరిగివచ్చిన కుమారుని "ఇంక నేమి చేసెదవు?" అని తొలివారముననే నిలదీయకుడు. ఆజ్ఞలచే నడచినవానికి తన దారి తానే నిర్ణయించుకొనుట కొంత కష్టము. అపొస్తలుడైన పౌలు డేరాలు కుట్టి జీవించెను. నేర్చిన పనిని నమ్మకముగా చేయువానికి ఏ వృత్తియు తక్కువ గాదు.