ఇల్లు మనది... తాళం వాళ్లది!

కొండగట్టు అంజన్న దర్శనం చేసుకుని, కొత్తగా కొన్న ఇంటి ముందు కొబ్బరికాయ కొడదామని కుటుంబమంతా బయల్దేరింది. తీరా వెళ్లి చూస్తే కిరాయి పోర్షన్‌కు తాళం! 'వాళ్లు దుబాయి పోయి ఆర్నెల్లాయె' అంది పక్కింటావిడ.

జగిత్యాల, కోరుట్లల్లో ఇలా జరిగితే ఎవరూ వింతగా చూడరు. వీసా వస్తే చాలు, ఉన్నపళంగా గల్ఫ్ విమానమెక్కే కుటుంబాలున్న ప్రాంతమిది. సిరిసిల్లలో మగ్గాలకు పని తగ్గితే భివండి, సూరత్ బాట పట్టినవాళ్లూ ఉన్నారు. మనుషులు దూరాన, సామాను లోపల. మరి ఇల్లు కొన్నవాళ్లేం చేయాలి?

పగలగొడితే చిక్కే

'నా ఇల్లు, నా ఇష్టం' అనుకుని తాళం పగలగొట్టారో, కేసు కొనితెచ్చుకున్నట్టే. యజమాని మారినంత మాత్రాన కిరాయిదారు హక్కు పోదు. బలవంతంగా ఖాళీ చేయిస్తే, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం కింద ఆర్నెల్లలోపు దావా వేసి మళ్లీ స్వాధీనం కోరవచ్చు. పైగా 'బీరువాలో బంగారం పోయింది' అంటే జవాబు చెప్పుకోవాల్సింది మీరే!

ముందు కబురు పంపండి

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం, ఇల్లు కొన్నవారు పాత యజమాని స్థానంలోకి వస్తారు. అయితే ఆ సంగతి తెలియక కిరాయిదారు పాత యజమానికే కిరాయి కడితే, మళ్లీ అడిగే వీలుండదు. కొనకముందు బాకీపడ్డ కిరాయి కూడా, విడిగా రాయించుకోకపోతే, మీకు రాదు. అందుకే 'ఇల్లు మేం కొన్నాం, కిరాయి మాకే ఇవ్వాలి' అని పోస్టులో, రసీదు ఉండేలా పంపాలి. ఫోన్, వాట్సాప్ మాటలూ దాచుకోవాలి. వాళ్లు ఇష్టపడి ఖాళీ చేస్తామంటే ఇంకేం కావాలి? ఆ మాట రాతలో తీసుకుని, వాళ్ల బంధువుల ఎదుట సామాను జాబితా రాసి అప్పగిస్తే సరి.

స్పందన లేకపోతే?

మున్సిపాలిటీల్లో 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టం ఉంది. తగిన కారణం లేకుండా వరుసగా 4 నెలలు ఇంట్లో ఉండకపోతే ఖాళీ చేయించమని కోరవచ్చు. కిరాయి ఎగవేసినా అంతే. అయితే భర్త మస్కట్‌లో ఉన్నా భార్యాపిల్లలు ఇక్కడే ఉంటే, ఇల్లు వదిలేసినట్టు కాదు. గల్ఫ్ ఉద్యోగం తగిన కారణమా కాదా అన్నది తేల్చేది న్యాయస్థానమే.

గ్రామాల్లో ఈ చట్టం లేదు. కొత్తగా కట్టిన ఇళ్లకు, కిరాయి ఎక్కువున్న ఇళ్లకు మినహాయింపులున్నాయి. అలాంటిచోట నెలవారీ కిరాయికి 15 రోజుల నోటీసిచ్చి, సివిల్ కోర్టుకెళ్లాలి. నోటీసు చేతికివ్వడానికి మనిషి దొరక్కపోతే తలుపుకు అంటించవచ్చు. అలా అంటించినప్పుడు ఫొటో తీసుకోవడం మంచిది. డిక్రీ వచ్చాక, కోర్టు ఆదేశంతో అమీనా వచ్చి తాళం తీయిస్తాడు.

కొనేముందే జాగ్రత్త

ఇంతదూరం రాకుండా ఉండాలంటే బేరం కుదిరిన రోజే అడగండి. లోపల ఎవరున్నారు? అడ్వాన్సు ఎంత? కిరాయి పత్రం ఏది? ఖాళీ చేయించి అప్పగించే బాధ్యత అమ్మేవారిదేనని అగ్రిమెంటులో రాయించండి. కొంత సొమ్ము అప్పటిదాకా ఆపుకోండి.

తాళంచెవి చేతికొచ్చాకే కొబ్బరికాయ!