బ్యాండ్ సా బ్లేడు పదును

బ్యాండ్ సా అనగా రెండు చక్రాలపై ఆగకుండా తిరిగే ఉక్కు పట్టీతో కలపను కోసే యంత్రము. పట్టీకి ఒక అంచున పళ్ళు ఉంటాయి. దాని రెండు కొనలను అతికి వలయముగా చేస్తారు. ఈ పళ్ళు మొద్దుబారినపుడు బ్లేడుకు సాన పట్టవలెనా, లేక కొత్తది వేయవలెనా అన్నది చిన్న వడ్రంగి కార్ఖానాలలో తరచు ఎదురయ్యే ప్రశ్న. ధరను మాత్రమే చూసి దీనిని తేల్చలేము. బ్లేడు ఏ ఉక్కుతో చేసినది, పళ్ళు ఎన్ని, పట్టీ వెన్ను ఎంత అలసినది అన్నవి కూడా చూడవలెను.

నేపథ్యము

ఇంగ్లండులో విలియం న్యూబెరీ 1809లో ఈ రంపమునకు పేటెంటు పొందెను. అయితే చక్రాలపై మాటిమాటికీ వంగే పట్టీ తెగిపోతూ ఉండుట వలన చాలా కాలము ఇది ఆచరణలోకి రాలేదు. ఫ్రాన్సు దేశస్థురాలైన ఆన్ పోలిన్ క్రెపాన్ మెరుగైన అతుకు పద్ధతిని కనుగొని 1846లో పేటెంటుకు దరఖాస్తు చేసిన తరువాతనే దీని వాడకము పెరిగినది.

ఆనాటి చిక్కు నేటికీ పూర్తిగా తీరలేదు. బ్లేడు మందము చక్రపు వ్యాసములో వెయ్యవ వంతుకు మించరాదని ఒక పాత లెక్క ఉన్నది. ఆ ప్రకారము 14 అంగుళాల చక్రానికి 0.36 మి.మీ. మందము చాలు. కాని అటువంటి చిన్న యంత్రాలకు 0.6 మి.మీ. మందము గల బ్లేడ్లను కూడా వేస్తుంటారు. అందుచేత పళ్ళు బాగున్నా వెన్ను ముందుగా చీలిపోవచ్చును.

మొద్దుబారినదని గుర్తించుట

కోత గీత తప్పి పక్కకు పోవుట, కలప అంచు నల్లగా కాలుట, చెక్కను మునుపటికన్నా బలముగా నెట్టవలసి వచ్చుట దీని గుర్తులు. చివరిది ప్రమాదకరము. బలముగా నెట్టుతున్న చేయి, కోత ముగియగానే పట్టు తప్పి పళ్ళమీదికి పోగలదు. వెలుతురులో చూచినపుడు పంటి మొనపై సన్నని తెల్లని మెరుపు కనిపిస్తే ఆ పన్ను అరిగినదని అర్థము. పదునైన అంచు మెరవదు.

అయితే తొందరపడరాదు. పళ్ళకు బంక పట్టినా బ్లేడు మొద్దుబారినట్లే ప్రవర్తిస్తుంది. ముందుగా సబ్బు నీటితో, మెత్తని బ్రష్షుతో కడిగి, వెంటనే తుడిచి ఆరబెట్టి చూడవలెను. బాగున్న బ్లేడును మురికి కారణముగా పారవేయుట తరచుగా జరిగే పొరపాటు. టేకులో సిలికా ఉండుట వలన దానిని కోసే బ్లేడు త్వరగా అరుగుతుంది. పాత తలుపులు, దూలాల కలపలో మిగిలిపోయిన ఒక్క మేకు చాలు, కొత్త బ్లేడైనా క్షణములో పాడవుతుంది.

ఏ బ్లేడుకు సాన పట్టవచ్చును

కోత మిల్లులలో వాడే వెడల్పాటి బ్లేడ్లకు పదేపదే సాన పట్టుట ఆనవాయితీ. వాటి ధర ఎక్కువ, సాన పట్టుటకు ప్రత్యేక యంత్రము, నేర్పరి ఉంటారు. చిన్న కార్ఖానాలోని సన్నని బ్లేడు సంగతి వేరు.

పళ్ళకు ప్రత్యేకముగా గట్టిదనము ఇవ్వని మామూలు కార్బన్ ఉక్కు బ్లేడును మూడు పలకల ఆకురాయితో అరగదీయవచ్చును. పళ్ళ మొనలను మాత్రము గట్టిపరచిన బ్లేడుపై ఆకురాయి జారిపోతుంది. దానికి చిన్న సానచక్రము కావలెను. వెన్నుకు ఒక ఉక్కు, పళ్ళకు హైస్పీడ్ ఉక్కు కలిపి చేసే బైమెటల్ బ్లేడు మరింత గట్టిది. దానిని, కార్బైడ్ మొనలున్న దానిని తగిన యంత్రము గల సాన దుకాణానికి పంపుటయే మేలు.

పళ్ళ లెక్క కూడా ముఖ్యమే. 93½ అంగుళాల బ్లేడుకు అంగుళానికి 3 పళ్ళు చొప్పున సుమారు 280 పళ్ళు ఉంటాయి. పంటికి 3 సెకన్లు పట్టినా 14 నిమిషాల పని. అంగుళానికి 14 పళ్ళున్న బ్లేడులో ఆ సంఖ్య 1,300 దాటుతుంది. అంత సన్నని పళ్ళకు చేతితో సాన పట్టుట వృథా శ్రమ.

విధానము

ముందుగా యంత్రమునకు విద్యుత్తు తీగను ఊడదీయవలెను. అతుకు వద్ద సుద్దముక్కతో గుర్తు పెట్టి, అక్కడ మొదలు పెట్టి మరల అక్కడికే రావలెను. లేకపోతే ఎక్కడ ఆపవలెనో తెలియదు. ప్రతి పంటి ముఖముపై ఒకే కోణములో, ఒకే ఒత్తిడితో సమానముగా రుద్దవలెను. ఒక వైపు పళ్ళు ఎక్కువ పదునెక్కితే బ్లేడు ఆ వైపుకే లాగుతుంది. సానచక్రము వాడినపుడు క్షణకాలము తాకించి తీయవలెను. మొన నీలి రంగుకు తిరిగినదంటే ఉక్కు గట్టిదనము పోయినట్లే. యంత్రము లోపలి రంపపు పొట్టును ముందే తీసివేయవలెను, నిప్పురవ్వ పడితే అంటుకుంటుంది. కళ్ళద్దాలు తప్పనిసరి.

పళ్ళు ఒకటి ఎడమకు, ఒకటి కుడికి కొద్దిగా వంగి ఉండుట వలననే కోత గాడి బ్లేడు మందముకన్నా వెడల్పై బ్లేడు ఒరుసుకొనకుండా సాగుతుంది. సాన పట్టిన కొద్దీ ఈ వంపు తగ్గుతుంది. మెత్తని పళ్ళను తిరిగి వంచవచ్చును. గట్టిపరచిన పళ్ళు వంచితే విరుగుతాయి కనుక అటువంటి బ్లేడుకు రెండు మూడు సార్లకు మించి సాన పట్టుటలో ప్రయోజనము తక్కువ.

మార్చవలసిన సందర్భాలు

పళ్ళ మధ్య గుంటలో వెంట్రుకవాసి చీలిక కనిపించినా, పళ్ళు వరుసగా ఊడినా, పట్టీ మెలిక పడినా సాన పట్టు ఆలోచన మానుకొనవలెను. చీలిక గల బ్లేడు తిరుగుతూ ఉండగానే తెగుతుంది. తీసివేసిన బ్లేడును మూడు చుట్లుగా చుట్టి తీగతో కట్టవలెను. విప్పినపుడు అది ఒక్కసారిగా విచ్చుకొని చేతులు కోయగలదు.