బాబిలోను చెర నుండి యూదుల పునరాగమనం

ప్రాచీన యూదులు బాబిలోను చెర నుండి విడుదలై స్వదేశానికి తిరిగివచ్చిన వృత్తాంతం యూదులకూ, క్రైస్తవులకూ, ముస్లిములకూ కొత్తది కాదు. అయితే సామాన్యంగా మన మనస్సులో ఉండే చిత్రం ఇది: దయగల రాజు ఒకడు ఆజ్ఞ ఇచ్చాడు, ప్రజలంతా మూటాముల్లె సర్దుకొని బయలుదేరారు, కూలిన నగరాన్ని మళ్ళీ కట్టుకున్నారు. చరిత్ర ఇంత సులువుగా నడవలేదు. క్రీ.పూ. 538లో ఆరంభమైన ఆ రాక దాదాపు ఒక శతాబ్దం పాటు విడతలు విడతలుగా సాగింది. అందరూ రాలేదు. వచ్చినవారికి పోయిన రాజ్యం దక్కలేదు. దాని స్థానంలో ఒక ధర్మశాస్త్ర గ్రంథం చుట్టూ అల్లుకున్న సమాజం ఏర్పడింది. ఆ మార్పు ఎలా జరిగిందో, దానికి ఎవరు ఎంత మూల్యం చెల్లించారో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

చెర ఎలా వచ్చింది?

హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) తరువాత ఇస్రాయీల్ సంతతి రాజ్యం రెండుగా చీలింది. సమరియ రాజధానిగా ఉన్న ఉత్తర రాజ్యాన్ని క్రీ.పూ. 722 ప్రాంతంలో అష్షూరీయులు నాశనం చేశారు. వారు జయించిన ప్రజలను తమ సామ్రాజ్యంలో అక్కడక్కడా చెదరగొట్టారు. అలా పోయినవారు ఆయా ప్రాంతాల జనంలో కలిసిపోయి చరిత్రకు కనిపించకుండా పోయారు.

జెరూసలేము రాజధానిగా ఉన్న యూదా రాజ్యం మరి 135 సంవత్సరాలు నిలిచింది. క్రీ.పూ. 597లో బాబిలోను రాజు నెబుకద్నెజరు నగరాన్ని లొంగదీసుకొని యువరాజుగా నిన్నమొన్ననే సింహాసనమెక్కిన యెహోయాకీనును, రాజకుటుంబాన్ని, ప్రముఖులను, కమ్మరులను, చేతిపనివారిని తరలించుకుపోయాడు. అతడు నిలబెట్టిన సిద్కియా తిరుగుబాటు చేయగా దీర్ఘమైన ముట్టడి తరువాత క్రీ.పూ. 587 లేక 586లో నగరం కూలింది. సులైమాన్ కట్టించిన ఆలయం అగ్నికి ఆహుతి అయింది. ముస్లిం గ్రంథకర్తలు బుఖ్తె నస్సర్ అని పేర్కొనేది ఈ నెబుకద్నెజరునే.

ఎందరిని తీసుకుపోయారు? యిర్మీయా గ్రంథం చివరి అధ్యాయం మూడు విడతల లెక్క ఇస్తుంది: 3,023, 832, 745, మొత్తం 4,600. రాజుల గ్రంథంలో మొదటి విడతకే పదివేలన్న మాట ఉంది. ఏ లెక్క తీసుకున్నా దేశం యావత్తూ ఖాళీ కాలేదన్నది స్పష్టం. ద్రాక్షతోటలూ పొలాలూ చూసుకోవడానికి పేదలను అక్కడే ఉండనిచ్చారు. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి. తరువాత వచ్చే చిక్కులకు మూలం ఇక్కడే ఉంది.

బాబిలోనులో బతుకు

చెర అనగానే సంకెళ్ళు, చెరసాల కళ్ళముందు మెదులుతాయి. మట్టి పలకలు చెప్పే కథ వేరు. బాబిలోను రాజభవన శిథిలాలలో దొరికిన పలకలలో యూదా రాజు యెహోయాకీనుకూ, అతని అయిదుగురు కుమారులకూ కొలిచి ఇచ్చిన నూనె లెక్కలు ఉన్నాయి. వీటిని 1939లో ఎర్న్‌స్ట్ వైడ్నర్ ప్రకటించాడు. బందీగా ఉన్నా అతనిని ఆ లెక్కలలో రాజు అనే వ్రాశారు.

సామాన్యుల సంగతి 2014లో ప్రచురితమైన మరికొన్ని పలకల వల్ల తెలిసింది. వాటిలో అల్‌యాహూదు అనే ఊరి పేరు వస్తుంది. యూదా పట్టణమని దాని అర్థం. క్రీ.పూ. 572 నుండి సుమారు ఒక శతాబ్దం పాటు వ్రాసిన ఈ పత్రాలలో యూదులు ప్రభుత్వ భూములు సాగుచేస్తూ, బార్లీ, ఖర్జూరం, వెండి రూపంలో బాకీలు తీర్చుతూ, పన్నులు కడుతూ కనిపిస్తారు. వారి పేర్లలో తమ దైవనామం తరతరాలుగా నిలిచి ఉంది.

అష్షూరీయులు చెదరగొట్టారు, బాబిలోనువారు మాత్రం ఒక ప్రాంతంవారిని ఒకచోటనే ఉంచారు. యూదులు జాతిగా మిగలడానికి ఇది ముఖ్య కారణం. రెండవ కారణం వారి లోపల జరిగిన మార్పు. ఆలయం లేదు కనుక బలులు లేవు. ఎక్కడ ఉన్నా పాటించగలిగిన విశ్రాంతి దినం, సున్తీ, ప్రార్థన, ఆహార నియమాలు, పూర్వగ్రంథాల పఠనం వారికి గుర్తింపు చిహ్నాలయ్యాయి. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మీరున్న నగరం క్షేమాన్ని కోరండి అన్న భావంతో యిర్మీయా జెరూసలేము నుండి వారికి లేఖ వ్రాశాడు. డెబ్బది ఏండ్ల గడువు మాట కూడా ఆ లేఖలోనే ఉంది.

సైరస్ ఆజ్ఞ

క్రీ.పూ. 539 అక్టోబరులో పారసీక రాజు సైరస్ బాబిలోనును వశపరచుకున్నాడు. తెలుగు బైబిలులో కోరెషు అని కనిపించేది ఇతడే. మరుసటి సంవత్సరం అతడు యూదులకు స్వదేశానికి వెళ్ళి ఆలయం కట్టుకోవడానికి అనుమతి ఇచ్చి, నెబుకద్నెజరు దోచుకువచ్చిన పాత్రలను తిరిగి అప్పగించాడని ఎజ్రా గ్రంథం చెబుతుంది. ఆ పాత్రలు 5,400 అని లెక్క.

1879లో హోర్ముజ్ద్ రస్సాం బాబిలోను శిథిలాలలో పీపా ఆకారంలో ఉన్న మట్టి శాసనం ఒకటి కనుగొన్నాడు. సైరస్ పేర వెలువడిన ఆ శాసనం నేడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. యూదుల విడుదలకు అదే ప్రత్యక్ష సాక్ష్యమని కొందరు వ్రాస్తుంటారు. ఇది సరి కాదు. అందులో యూదుల పేరు గాని, జెరూసలేము పేరు గాని లేదు. బాబిలోను దేవుడు మర్దూక్ తనను ఎన్నుకున్నాడని సైరస్ అందులో చెప్పుకున్నాడు. టైగ్రిస్ నదికి ఆవలనున్న కొన్ని పట్టణాల దేవతలను వారి వారి ఆలయాలకు తిరిగి పంపానని, అక్కడి ప్రజలను కూడగట్టి వారి నివాసాలకు చేర్చానని చెప్పాడు. కాబట్టి ఆ శాసనం రుజువు చేసేది ఒక్క విషయం: అలాంటి అనుమతులు అతని పాలనా విధానంలో భాగం. ఆ విధానంలో ఉదారతతో పాటు రాజనీతి కూడా ఉంది. యూదా ప్రాంతం ఈజిప్టుకు పోయే దారికి దగ్గర. అక్కడ కృతజ్ఞత గల ప్రజలు ఉండడం సామ్రాజ్యానికి మేలు. సైరస్ కుమారుడు కంబైసిస్ క్రీ.పూ. 525లో ఈజిప్టును జయించాడు కూడా.

మొదటి రాక, ఆగిపోయిన పని

మొదటి బృందాలకు షేష్బజ్జరు, జెరుబ్బాబెలు, ప్రధాన యాజకుడు యేషూవ నాయకులు. సమాజమంతా కలిసి 42,360 మంది అనీ, దాసదాసీలు 7,337 మంది అనీ ఎజ్రా గ్రంథంలో పట్టిక ఉంది. గుర్రాలు 736 ఉంటే గాడిదలు 6,720. ఇది సైన్యం కదలిక కాదని, సామాన్య కుటుంబాల ప్రయాణమని ఆ గాడిదల లెక్కే చెబుతుంది. అయితే పట్టికలోని విడివిడి సంఖ్యలను కూడితే ముప్పది వేలకు లోపే వస్తుంది. పలు విడతలలో వచ్చినవారిని ఒకే పట్టికలో చేర్చి ఉంటారని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. ఎడారి అడ్డం కనుక వారు యూఫ్రటీస్ వెంట ఉత్తరానికి పోయి, సిరియా మీదుగా దక్షిణానికి దిగవలసి వచ్చేది. తరువాతి కాలంలో ఎజ్రా బృందానికి ఈ ప్రయాణం నాలుగు నెలలు పట్టింది.

వచ్చి చూస్తే నగరం బూడిదకుప్ప. బలిపీఠం నిలిపారు, ఆలయానికి పునాది వేశారు. ఆనాడు యువకులు ఆనందంతో కేకలు వేస్తే, మొదటి ఆలయాన్ని కళ్ళారా చూసిన వృద్ధులు బిగ్గరగా ఏడ్చారనీ, ఏది సంతోషధ్వనో ఏది రోదనమో వేరుచేయలేకపోయారనీ గ్రంథం తెలుపుతుంది.

తరువాత పని ఆగిపోయింది. తామూ అదే దేవుని ఆరాధిస్తున్నాము, కలిసి కడతాము అని దేశంలో ఉన్నవారు ముందుకు వచ్చారు. జెరుబ్బాబెలు, యేషూవ ఒప్పుకోలేదు. నిరాకరణ వైరమైంది, వైరం రాజదర్బారుకు ఫిర్యాదులుగా మారింది. క్రీ.పూ. 520లో హగ్గయి, జెకర్యా ప్రబోధించిన మీదటనే పని తిరిగి సాగింది. మీరు మంచి కలపతో ఇళ్ళు కట్టుకున్నారు, దేవుని మందిరం మాత్రం పాడుగా ఉందని హగ్గయి మందలించాడు. దర్యావేషు పాలన ఆరవ ఏట, క్రీ.పూ. 515లో ఆలయం పూర్తి అయింది. పాత ఆలయం కూలి అప్పటికి సుమారు డెబ్బది ఏండ్లు.

జెరుబ్బాబెలు యెహోయాకీను మనుమడు, దావూదు వంశీకుడు. కొందరు అతనిపై పెద్ద ఆశలు పెట్టుకున్నారు. కాని ఆలయ నిర్మాణం పూర్తయిన ఘట్టంలో అతని పేరు వినిపించదు. సింహాసనం మళ్ళీ నిలబడలేదు. యూదా పారసీక సామ్రాజ్యంలో యెహూద్ అనే చిన్న మండలంగానే ఉండిపోయింది.

ఎజ్రా, నెహెమ్యా

మరి రెండు తరాలు గడిచాక ధర్మశాస్త్ర పండితుడైన ఎజ్రా వచ్చాడు. అర్తహషస్త ఏడవ ఏట వచ్చాడని గ్రంథం. ఆ రాజు మొదటి అర్తహషస్త అయితే అది క్రీ.పూ. 458, రెండవవాడైతే 398. చరిత్రకారులలో రెండు పక్షాలూ ఉన్నాయి. నెహెమ్యా రాక క్రీ.పూ. 445 అన్నదానిలో అంత వివాదం లేదు. షూషను కోటలో రాజుకు పానపాత్ర అందించే ఉద్యోగి అయిన అతడు అధికారిగా వచ్చి, 52 దినాలలో నగర ప్రాకారాన్ని నిలబెట్టాడు.

ప్రాకారం కంటే ముఖ్యమైన పని మరొకటి అతడు చేశాడు. రాజుకు పన్ను కట్టడానికీ, కరువులో తిండిగింజలకూ పేద యూదులు సాటి యూదుల దగ్గరనే అప్పులు చేశారు. పొలాలూ తోటలూ తాకట్టుపోయాయి. కొడుకులనూ కూతుళ్ళనూ దాస్యానికి ఇచ్చే దుస్థితి వచ్చింది. అన్యుల చెర నుండి విడిపించుకున్న సోదరులను మీరే మళ్ళీ అమ్ముతారా అని నెహెమ్యా పెద్దలను సభలో నిలదీసి, పొలాలూ వడ్డీ తిరిగి ఇప్పించాడు. తౌరాతులో సోదరుని దగ్గర వడ్డీ తీసుకోరాదన్న శాసనం ఉంది. ఆ శాసనాన్ని నిలుపుకోలేకపోతే స్వదేశంలో కూడా చెర తప్పదని ఈ ఘట్టం బోధిస్తుంది.

ఆ తరువాత నీటి గుమ్మం ఎదుటి మైదానంలో ఎజ్రా కొయ్య వేదికపై నిలబడి, ఉదయం నుండి మధ్యాహ్నం వరకు ధర్మశాస్త్రాన్ని చదివాడు. స్త్రీలూ పురుషులూ కూడి విన్నారు. లేవీయులు అర్థం వివరించారు. గ్రంథం యాజకుల సొత్తుగా ఉండక ప్రజల మధ్యకు వచ్చిన దినం అది.

ఈ నిర్మాణానికి మరొక పార్శ్వం ఉంది. అన్య జాతుల స్త్రీలను పెళ్ళాడినవారు భార్యలను, పిల్లలను పంపివేయాలని ఎజ్రా కాలంలో తీర్మానం జరిగింది. చిన్న సమాజం కరిగిపోతుందన్న భయం దీనికి కారణమని చరిత్రకారులు వివరిస్తారు. భయం నిజమే కావచ్చు. కాని పంపివేయబడిన తల్లులు, పిల్లలు ఏమయ్యారో ఏ పట్టికలోనూ లేదు. పరాయి దేశంలో తమను కాపాడిన కట్టుబాటే స్వదేశంలో ఇతరులకు గోడ అయింది.

ఖుర్ఆన్ వ్యాఖ్యాతల దృష్టిలో

దివ్య ఖుర్ఆన్ ఈ చరిత్రను తేదీలతో చెప్పదు, గుణపాఠంగా ప్రస్తావిస్తుంది. సూరా బనీ ఇస్రాయీల్ ఆరంభంలో ఇస్రాయీల్ సంతతి రెండుసార్లు కల్లోలం సృష్టించి శిక్షకు గురికావడం, నడుమ వారికి మళ్ళీ బలమూ సంపదా సంతానమూ లభించడం ఉన్నాయి. మొదటి శిక్షను అనేకమంది వ్యాఖ్యాతలు బుఖ్తె నస్సర్ దండయాత్రతోనూ, రెండవదానిని క్రీ.శ. 70లో రోమన్ సేనాని టైటస్ జరిపిన విధ్వంసంతోనూ అన్వయించారు. సూరా బఖరా 259వ వాక్యంలో పాడుపడిన ఊరి మీదుగా పోతూ ఇది మళ్ళీ ఎలా జీవిస్తుందని ఆశ్చర్యపడిన వ్యక్తి కథ ఉంది. నూరేళ్ళ మృత్యువు తరువాత లేపబడిన ఆయన పేరు అక్కడ లేదు. చాలామంది వ్యాఖ్యాతలు ఆయన హజ్రత్ ఉజైర్ అనీ, ఆ ఊరు బైతుల్ మఖ్దిస్ అనీ అన్నారు. హజ్రత్ యిర్మీయా అన్నవారూ ఉన్నారు. ఉజైరే ఎజ్రా అన్నది సాధారణంగా అంగీకరించిన విషయం.

సూరా కహఫ్‌లోని జుల్‌ఖర్‌నైన్ సైరసే అని మౌలానా అబుల్ కలాం ఆజాద్ తన తర్జుమానుల్ ఖుర్ఆన్‌లో వాదించారు. అలెగ్జాండరు అన్న పాత అభిప్రాయాన్ని వదలనివారు కూడా ఉన్నారు.

రానివారు

బాబిలోనులో ఉండిపోయినవారు నశించలేదు. క్రీ.పూ. అయిదవ శతాబ్దం ఉత్తరార్ధంలో నిప్పూరుకు చెందిన మురషూ అనే వ్యాపార కుటుంబం పత్రాలలో యూదుల పేర్లు ఎన్నో ఉన్నాయి. తరువాతి శతాబ్దాలలో సూరా, పుంబెదిత విద్యాపీఠాలు వెలిసింది అక్కడే. బాబిలోను తల్మూదు రూపొందింది అక్కడే. దక్షిణ ఇరాక్‌లో టైగ్రిస్ ఒడ్డున అల్ ఉజైర్ అనే ఊరిలో ఎజ్రాదిగా చెప్పే సమాధిని యూదులూ ముస్లిములూ శతాబ్దాల పాటు గౌరవించారు. ఆ సమాజం ఇంచుమించు రెండున్నర వేల ఏండ్లు నిలిచింది. 1950–51లో సుమారు 1,20,000 మంది ఇరాకీ యూదులు విమానాలలో ఇస్రాయేలుకు తరలిపోయారు. ఆ తరలింపుకు పెట్టిన పేరు ఎజ్రా, నెహెమ్యాలదే. అయితే ప్రాచీన కాలపు రాకకూ దీనికీ పోలిక పేరు దగ్గర ఆగిపోతుంది. ఆనాడు వెళ్ళదలచినవారు వెళ్ళారు, ఉండదలచినవారు ఉన్నారు. ఈనాడు ఆ ప్రాచీన సమాజం దాదాపు పూర్తిగా అంతరించింది.

మొత్తం మీద క్రీ.పూ. 538 నాటి ఆజ్ఞ ద్వారం తెరిచింది. లోపల ఇల్లు కట్టింది తరువాతి మూడు తరాలు. ఆ ఇంటికి పునాది రాజదండం కాక గ్రంథమైనందువల్లనే, రెండవ ఆలయం కూడా క్రీ.శ. 70లో కూలినప్పుడు ఆ జాతి కూలిపోలేదు. గ్రంథం ఒక జాతిని కూడగట్టగలదని ఈ చరిత్ర నిరూపిస్తుంది. ఆ గ్రంథాన్ని చేతబట్టినవారు ఋణగ్రస్తుడైన సోదరునితో, గడపలో నిలిచిన పరాయివానితో ఎలా వ్యవహరించారన్న ప్రశ్న కూడా అదే చరిత్రలో, అంతే స్పష్టంగా, నమోదై ఉంది.