ఈ జబ్బు ఎవరి పాపం?



వార్డులో మీవారి మంచం పక్కన కూర్చున్నప్పుడు "ఏ పాపం చేశామని మాకీ కష్టం?" అన్న ప్రశ్న మిమ్మల్ని వేధిస్తూ ఉండవచ్చు. కొందరు దానిని మనసులోనే పెట్టుకుని కుమిలిపోతారు. మరికొందరు నిందను కోడలి మీదికో, కన్నతల్లి మీదికో నెడతారు.

యేసు ప్రభువు శిష్యులు కూడా ఇదే అడిగారు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి, ఇది ఇతని పాపమా, తల్లిదండ్రుల పాపమా అన్నారు. ప్రభువు రెండూ కాదని చెప్పి, అతనికి చూపునిచ్చారు (యోహాను సువార్త 9వ అధ్యాయం). తండ్రి దోషం కొడుకు మోయడని, ఎవరి లెక్క వారిదేనని యెహెజ్కేలు ప్రవక్త అంతకు ముందే బోధించాడు (18వ అధ్యాయం).

కాబట్టి జబ్బును శాపంగా భావించకండి. క్షయ, కుష్ఠు సూక్ష్మక్రిముల వల్ల వచ్చే వ్యాధులు. మందులు పూర్తిగా వాడితే నయమవుతాయి.

మరి మనకు బాధ్యత లేదా?

ఉంది. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయారు. వారు మిగిలినవారికంటే పాపులు కారని ప్రభువు చెప్పారు. అయితే వింటున్నవారిని మాత్రం మారుమనస్సు పొందమన్నారు (లూకా సువార్త 13వ అధ్యాయం). అంటే ఎదుటివారి పాపాన్ని వెదకడం మాని, ఎవరి తప్పు వారు చూసుకోవాలి.

ఇది కష్టమైన పని. ఆదాము తన తప్పును హవ్వ మీదికి నెట్టాడు, హవ్వ సర్పం మీదికి నెట్టింది. మనమూ "స్నేహితులు తాగించారు", "ఇంట్లో పోరు పడలేక తాగాను" అంటాము. "తప్పు నాది" అని ఒప్పుకున్నవారిని దేవుడు క్షమిస్తాడన్నది క్రైస్తవ విశ్వాసం.

దాచితే ప్రాణానికే ముప్పు

రోజూ ఎక్కువగా తాగేవారు ఆసుపత్రిలో చేరి ఒక్కసారిగా మానేస్తే, కొన్ని గంటల నుండి రెండు మూడు రోజులలోపు చేతులు వణకడం, చెమటలు, లేనివి కనబడడం, ఫిట్స్ వంటివి రావచ్చు. ఒక్కోసారి ప్రాణం కూడా పోవచ్చు. ముందే తెలిస్తే డాక్టరుగారు వీటిని నివారించే మందులు ఇస్తారు. పరువు పోతుందని "పండగకి మాత్రమే తాగుతాడు" అని చెబితే ఆ అవకాశం చేజారిపోతుంది.

మీరు చేయవలసినవి

1. ఎంత తాగుతారు, ఎన్నాళ్ల నుండి, చివరిసారి ఎప్పుడు అన్నది డాక్టరుకు, నర్సుకు దాచకుండా చెప్పండి. మధ్యలో మానేసిన మాత్రల సంగతి, నాటు వైద్యం సంగతి కూడా చెప్పండి.

2. రోగి తన తప్పు ఒప్పుకుంటే దెప్పిపొడవకండి. తాగుడుకు బానిస కావడం కూడా ఒక జబ్బే. దానికి చికిత్స తీసుకోవడం ఆయన బాధ్యత, తోడుండడం మీ వంతు.

3. మీ వంతు తప్పు ఉంటే మీరూ ఒప్పుకుని సరిదిద్దుకోండి. జక్కయ్య క్షమాపణతో ఆగలేదు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు.

4. మీరు చేయని తప్పును మోయకండి. ముఖ్యంగా తల్లులారా, బిడ్డ జబ్బు మీకు పడిన శిక్ష కాదు.

మీరు ఏ మతంవారైనా సరే, మనసులో భారం ఉంటే నర్సుకు చెప్పి ఆసుపత్రి పాస్టరుగారిని పిలిపించుకోండి. నిందలు మాని, నిజం చెప్పి, ఒకరినొకరు క్షమించుకుంటే రోగికీ, ఇంటిల్లిపాదికీ మనశ్శాంతి కలుగుతుంది. దేవుడు మీకు తోడై యుండునుగాక.