గరిట పట్టిన చేతికి జీతం

2023 నవంబరు 10న సుప్రీంకోర్టు ఆవరణలో ఒక కేఫ్ మొదలైంది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ డి.వై. చంద్రచూడ్ ప్రారంభించారు. చూపులేనివారు, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారు, నడుము కింద భాగం చచ్చుబడినవారు దాన్ని నడుపుతున్నారు. పేరు మిట్టీ కేఫ్. ఈ కేఫ్‌ల సంస్థను స్థాపించిన అలీనా ఆలం 2017లో హుబ్బళ్లిలోని ఒక కాలేజీ ఆవరణలో మొదటి కేఫ్ పెట్టేనాటికి ఆమెకు పాతికేళ్లు కూడా నిండలేదు. తర్వాత అది ఐటీ కంపెనీల ఆవరణల్లోకి, బెంగళూరు విమానాశ్రయంలోకి చేరింది.

అక్కడ టీ తాగినవాళ్లు సిబ్బంది ధైర్యాన్ని మెచ్చుకుంటారు. మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ టీ వెనుక ధైర్యం కంటే ఎక్కువగా ఉన్నది శిక్షణ. దాని గురించి మనం మాట్లాడుకునేది చాలా తక్కువ.

మేధోవైకల్యం ఉన్న ఇరవై రెండేళ్ల అబ్బాయికి టీ పెట్టడం నేర్పాలనుకుందాం. ‘టీ పెట్టు’ అంటే మనకు ఒకే పని. శిక్షకులకు మాత్రం అది పదిహేనో ఇరవయ్యో చిన్న పనులు. చేతులు కడగాలి. ఏప్రన్ కట్టుకోవాలి. గిన్నె లోపల గీత పెట్టి ఉంటుంది, అంతవరకే పాలు పోయాలి. ఒక కప్పుకి పొడి ఎంతో చెంచా మీద చుట్టిన రంగు టేపు చెబుతుంది. పొయ్యి పక్కన గోడ మీద ఒక్కో పనికి ఒక్కో బొమ్మ వరసగా ఉంటుంది. మంటంటే భయపడేవారికి ఇండక్షన్ స్టవ్ ఇస్తారు. ఎంతసేపు మరగాలో అంచనా కట్టక్కర్లేదు, టైమర్ మోగుతుంది.

ఇందులో నాకు బాగా నచ్చిన పద్ధతి ఒకటుంది. చాలామంది శిక్షకులు చివరి పనిని ముందు నేర్పుతారు. మొదట్లో మిగతాదంతా శిక్షకురాలే చేసి, వడగట్టి కప్పులో పోసే పని అబ్బాయికి వదిలేస్తుంది. కప్పు నిండుతుంది, ఎవరో తాగుతారు, బాగుందంటారు. అంటే మొదటి రోజే పని పూర్తి చేసిన తృప్తి అతనిది. తర్వాత మరిగించడం, ఆ తర్వాత కొలవడం, అలా వెనక్కి జరుగుతూ చేతులు కడగడం దాకా వస్తారు. నెలలు పడుతుంది. ఒకసారి పట్టుబడితే మాత్రం కొలత తప్పకుండా చేస్తారని, అదే పని రోజూ చేయడానికి విసుక్కోరని ఇలాంటివారితో పనిచేసిన యజమానులు చెబుతుంటారు.

బధిరుల సంగతి వేరు. వాళ్లకు వంట నేర్చుకోవడం కష్టం కాదు, కష్టమల్లా వాళ్లతో మాట్లాడటం రాని మనతోనే. లెమన్ ట్రీ హోటళ్లు 2007 నుంచి, కేఎఫ్‌సీ 2008 నుంచి బధిరులను పనిలోకి తీసుకుంటున్నాయి. 2015లో ముంబయి పొవాయిలో మొదలైన మిర్చీ అండ్ మైమ్ రెస్టారెంట్ మెనూలో ఏ వంటకానికి ఏ సైగ చేయాలో బొమ్మలు వేసి పెట్టింది. అంటే నేర్చుకునే వంతు వచ్చింది తినడానికి వచ్చినవాళ్లకే! చూపులేనివారు కత్తి పట్టగలరా అనే అనుమానానికి జవాబు 2012లోనే వచ్చింది. అమెరికా ‘మాస్టర్‌షెఫ్’ పోటీలో ఆ ఏడాది గెలిచిన క్రిస్టీన్ హా అంధురాలు. తాలింపు చిటపట, ఉల్లిపాయ వేగిన వాసన, వేలికి తగిలే మెత్తదనం... మన అమ్మమ్మలు కూడా సగం వంట వీటితోనే చేశారు కదా.

మన దగ్గర అసలు చిక్కు పద్దెనిమిదేళ్లు నిండాక మొదలవుతుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఉచిత విద్యకు హామీ ఇచ్చేది ఆ వయసు వరకే. తర్వాత చాలామందికి ఇల్లే లోకం. మేధోవైకల్యం ఉన్నవారి కోసం జాతీయ సంస్థ 1984 నుంచి మన సికింద్రాబాద్‌లోనే ఉంది. బోధించే నిపుణులు మనకు కొత్త కాదు. కొరవడింది నేర్చుకున్నవారిని పిలిచే వంటగదులే. ‘మా తర్వాత వీణ్ణి ఎవరు చూస్తారు?’ అని కుమిలిపోయే తల్లికి సర్టిఫికెట్ ఏం జవాబు చెబుతుంది? నెలనెలా బ్యాంకు ఖాతాలో పడే జీతం కొంతైనా చెబుతుంది.

అదే చట్టం ప్రభుత్వోద్యోగాల్లో 4 శాతం కేటాయించింది. అందులో 1 శాతం ఆటిజం, మేధోవైకల్యం, మానసిక అనారోగ్యం వంటివి ఉన్నవారి వాటా. ప్రైవేటు హోటళ్లకు కోటా లేదు. మొత్తం ఉద్యోగుల్లో కనీసం 5 శాతం వికలాంగులను పెట్టుకునేవారికి ప్రోత్సాహకాలు ఇవ్వాలని మాత్రం ఉంది. కాబట్టి ఇక్కడ నడిపించేది చాలావరకు యజమాని మనసే. ఆ మనసు కూడా సగంలో ఆగిపోవడం చూస్తుంటాం. ఏళ్ల తరబడి ‘ట్రైనీ’ అనే పేరుతోనే ఉంచి, చేతిలో కాస్త డబ్బు పెట్టి, పండగకి ఫొటో దిగితే దాన్ని ఉపాధి అనలేం. పక్కన అదే పని చేసేవారికి ఎంత ఇస్తున్నారో అంతే ఇవ్వాలి. పీఎఫ్ ఉండాలి, వారానికో సెలవు ఉండాలి, తప్పు చేస్తే మందలింపు కూడా అందరితో సమానంగానే ఉండాలి.

వంటగదిలో చేయాల్సిన మార్పులకు పెద్ద ఖర్చేమీ కాదు. చక్రాల కుర్చీలో కూర్చున్నవారికి అందే ఎత్తులో ఒక బల్ల, జారని నేల, గంట మోగే చోట ఒక లైటు, డబ్బాల మీద బ్రెయిలీ చీటీ, గోడ మీద నాలుగు బొమ్మలు. వీటికంటే అవసరమైంది మొదటి మూడు నెలలు పక్కన నిలబడే ఓపికైన మనిషి.

మీ కాలేజీలోనో ఆఫీసులోనో ఆస్పత్రిలోనో క్యాంటీన్ కాంట్రాక్టు మళ్లీ పిలిచేటప్పుడు ఒక్క షరతు చేర్చమని అడగండి: శిక్షణ పొందిన వికలాంగులు ఇద్దరికి పూర్తి జీతంతో ఉద్యోగం ఇవ్వాలని. నిర్ణయం మీ చేతిలో ఉంటే, ఈసారి టెండరులోనే రాయండి.