వేడి తగిలితే విడివడే చిప్పు.. తొందరపడితే బోర్డుకే ముప్పు

* సెల్‌ఫోన్ మరమ్మతుల్లో హాట్ ఎయిర్ గన్‌దే కీలక పాత్ర
* పొగను పట్టించుకోకుంటే మెకానిక్‌ల ఆరోగ్యానికి హాని

గోరంత చిప్పు. దాని అడుగున పదులు, ఒక్కోసారి వందల సంఖ్యలో టంకపు గుండ్లు. వాటిలో ఒక్కటి పట్టు తప్పినా వేల రూపాయల ఫోను మూగబోతుంది. ఆ చిప్పును చెక్కు చెదరకుండా పైకి తీసి, బోర్డును కాపాడి, కొత్తది అమర్చడంలోనే మెకానిక్ నేర్పు బయటపడుతుంది. హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీష్ మార్కెట్ మొదలుకొని మండల కేంద్రంలో బస్టాండు పక్కనున్న దుకాణం వరకు ఈ పని నిత్యం సాగుతూనే ఉంది. పదో తరగతితోనో, ఐటీఐతోనో చదువు ముగించిన యువకులెందరికో ఇదే జీవనాధారం. చాలామంది పక్కవారిని చూసి పని నేర్చుకుంటున్నారు. వేడి ఎంత, ఎంతసేపు, ఎందుకు అన్నది తెలియకపోవడంతో బోర్డులు పాడవుతున్నాయి. వినియోగదారుడికి నష్టం, దుకాణదారుడికి మాట పోవడం రెండూ తప్పడం లేదు.

గాలే ఎందుకు?

పాత రేడియోలు, టీవీల్లో విడిభాగాల కాళ్లు బోర్డు రంధ్రాల గుండా అవతలికి వచ్చేవి. సోల్డరింగ్ ఐరన్‌తో ఒక్కో కాలి వద్ద టంకాన్ని కరిగిస్తే సరిపోయేది. నేటి ఫోన్లలో చిప్పులు బోర్డు ఉపరితలం మీదే అతుక్కుని ఉంటాయి. బీజీఏ రకం చిప్పులకైతే అతుకులన్నీ అడుగుభాగానే దాగి ఉంటాయి. అక్కడికి ఐరన్ మొన చేరదు. చిప్పు మొత్తాన్ని సమంగా వేడి చేసి, అతుకులన్నింటినీ ఒకేసారి కరిగించడమే మార్గం. దుకాణాల్లో ఎస్‌ఎండీ మెషీన్‌గా పిలిచే హాట్ ఎయిర్ గన్ చేసే పని ఇదే.

అంకె చూసి మోసపోవద్దు

63 శాతం తగరం, 37 శాతం సీసం కలిసిన టంకం 183 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. 2006 జులై 1 నుంచి ఐరోపా సమాఖ్య ఎలక్ట్రానిక్ వస్తువుల్లో సీసం వాడకంపై ఆంక్షలు అమల్లోకి తేవడంతో తగరం, వెండి, రాగి కలిసిన టంకం వ్యాప్తిలోకి వచ్చింది. ఇది కరగాలంటే 217 నుంచి 220 డిగ్రీలు అవసరం. అయినా మెకానిక్‌లు గన్‌ను 350 డిగ్రీల పరిసరాల్లో పెడతారు. గాలి బోర్డును చేరేసరికి కొంత వేడిని కోల్పోవడం, బోర్డులోని రాగి పొరలు మరికొంత లాగేసుకోవడం ఇందుకు కారణం. తెరపై కనిపించే అంకె గాలి వేడికి సంబంధించినదే గానీ చిప్పుది కాదు. గన్‌ను అర అంగుళం దగ్గరకు జరిపినా, గాలి వేగం పెంచినా లెక్క మారిపోతుంది.

గోడల రంగు ఊడదీసేందుకు వాడే గన్ చవకగా దొరుకుతుందని కొందరు దాన్నే ఆశ్రయిస్తుంటారు. వాటిలో కొన్ని 600 డిగ్రీల వరకు వేడి చిమ్ముతాయి. గాలి ఉద్ధృతికి చుట్టూ ఉన్న ఇసుక రేణువుల్లాంటి భాగాలు ఎగిరిపోతాయి. పాత బోర్డు నుంచి భాగాలు ఊడదీసి సాధన చేయడానికి పనికొచ్చినా, ఫోను మరమ్మతుకు అది తగదు.

ఇలా చేస్తే మేలు

* ముందుగా బ్యాటరీని తొలగించాలి. వేడి తగిలితే లిథియం బ్యాటరీ మంటలు రేపే ప్రమాదం ఉంది.
* పక్కనున్న ప్లాస్టిక్ కనెక్టర్లు, చిన్న భాగాలపై వేడిని తట్టుకునే క్యాప్టన్ టేపు అతికించాలి.
* చిప్పు అంచుల వెంబడి ఫ్లక్స్ రాయాలి. టంకం సాఫీగా కరగడానికి ఇది తోడ్పడుతుంది.
* వీలైతే ప్రీ హీటర్‌తో బోర్డును అడుగు నుంచి 100 - 150 డిగ్రీల వరకు వేడెక్కించాలి. ఒక్కసారిగా పైనుంచే కాలిస్తే బోర్డు వంగిపోతుంది.
* గన్‌ను ఒకేచోట నిలపకుండా చిప్పు చుట్టూ తిప్పుతుండాలి.
* ట్వీజర్‌తో చిప్పును అతి మెల్లగా తాకాలి. కాస్త కదిలి తిరిగి తన స్థానంలోకి వచ్చిందంటే టంకం కరిగినట్లే. అప్పుడే నిటారుగా పైకి ఎత్తాలి.
* బోర్డు దానంతటదే చల్లారాలి. నోటితో ఊదడం, తడిగుడ్డ వేయడం తగదు.

టంకం కరగకముందే పీకితే చిప్పుతో పాటు బోర్డుపై ఉండే రాగి ప్యాడ్లూ లేచి వస్తాయి. అవి తెగితే సన్నని తీగలతో కలుపుకోవాలి, లేదా బోర్డును వదులుకోవాలి. మెకానిక్‌లు గమ్ ఐసీగా వ్యవహరించే చిప్పులను జిగురుతోనూ అతికిస్తారు. వేడితో మెత్తబడిన ఆ జిగురును ముందు అంచుల నుంచి తొలగించాకే చిప్పు జోలికి వెళ్లాలి. తేమ పట్టిన చిప్పును హఠాత్తుగా వేడి చేస్తే లోపలి నీరు ఆవిరై, పేలాల గింజలా ఉబ్బి పగులుతుంది.

ఫొటోలపై భ్రమలొద్దు

పాడైన ఫోనులోంచి మెమరీ చిప్పు ఊడదీసి ఫొటోలు రాబడతామనే హామీలను వినియోగదారులు గుడ్డిగా నమ్మరాదు. పాత ఫోన్లలో కొన్నింటికి అది సాధ్యమే. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10తో మార్కెట్లోకి విడుదలైన ఫోన్లన్నింటిలో సమాచారాన్ని సంకేత రూపంలో భద్రపరచడం తప్పనిసరి. చిప్పును విడదీసి చదివినా అర్థం లేని అంకెలే మిగులుతాయి. అలాంటి ఫోన్లలో బోర్డును మళ్లీ పని చేయించడం ఒక్కటే దారి.

పొగతో పొంచి ఉన్న ముప్పు

బోర్డు పోతే మరొకటి దొరుకుతుంది, ఊపిరితిత్తులు దొరకవు. రోజిన్ ఫ్లక్స్ నుంచి వెలువడే పొగను ఏళ్ల తరబడి పీలిస్తే ఉబ్బసం వచ్చే ప్రమాదం ఉంది. ఈ పనిలో వాడే వేడికి సీసం ఆవిరి కావడం దాదాపు ఉండదు. అయితే చేతులకంటిన పొడి అన్నం, టీ ద్వారా లోపలికి చేరుతుంది. బోర్డు మాడితే అందులోని బ్రోమిన్ రసాయనాలు విషవాయువులుగా మారతాయి. పాత బోర్డులను కాల్చి భాగాలు వేరుచేసే కేంద్రంగా పేరుపడిన చైనాలోని గుయ్యూలో 165 మంది పిల్లలపై జరిపిన అధ్యయనం 2007లో వెలువడింది. వారి రక్తంలో డెసిలీటరుకు సగటున 15.3 మైక్రోగ్రాముల సీసం ఉన్నట్లు తేలింది.

తలపై తిరిగే పంకా పొగను గదంతా పంచుతుందే తప్ప బయటికి పంపదు. బల్ల దగ్గరే పొగను లాగి వెలుపలికి నెట్టే ఎగ్జాస్ట్ ఏర్పాటు చేసుకోవాలి. పని ముగించాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. బల్ల మీద తినడం, తాగడం మానాలి.

పనికిరాని బోర్డులను పాత ఇనుప సామాను వారికి కిలోల లెక్కన అమ్మేస్తే అవి చివరకు మంటల్లోకో, ఆమ్లపు తొట్టెల్లోకో చేరే ప్రమాదం ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం రీసైక్లింగ్ సంస్థలు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదు కావాలి. అలా నమోదైన సంస్థలకే బోర్డులు అప్పగించాలి. నెలకు రెండు కిలోలైనా పోగవని చిన్న దుకాణాలు నలుగురైదుగురు కలిసి ఒకచోట నిల్వ చేసుకుంటే ఒకేసారి పంపడం సులువవుతుంది.